కోపమంతా బ్యాడ్జర్ మీదే

"ఇది కూడా వెళ్ళాల్సిందే" అన్నాడు పశువుల డాక్టరు. అంటే కబేళాకి. ఆవు మెడ మీద వెంట్రుకలు కత్తిరించిన చోట చిన్న గడ్డ. మూడు రోజుల కింద వేసిన టీబీ టెస్టు సూదిది. కొలిస్తే లెక్క దాటింది. చూలుతో ఉంది పాపం!

ఇంగ్లండ్‌లోని డెవన్‌లో మా పక్క పొలం పెద్దాయన కంచె అవతలి బొరియల వైపు చూసి బ్యాడ్జర్లని తిట్టడం మొదలెట్టాడు. బొరియల్లో ఉండే అడవి జంతువులవి, ఆవులకి టీబీ వాటి నుంచి కూడా అంటుతుంది. ఆ టైమ్‌లో ఏం మాట్లాడతాం?

2013 నుంచి ఇంగ్లండ్‌లో టీబీ ఆపాలని రెండు లక్షలకు పైగా బ్యాడ్జర్లని చంపారు. టీబీ అందుకే తగ్గిందని కొందరు, కాదు ఆవుల టెస్టులు పెంచడం వల్లేనని ఇంకొందరు. పైగా చంపడం మొదలెడితే మిగిలినవి చెల్లాచెదురై చుట్టుపక్కల మందల్లో టీబీ పెరుగుతుందని అంతకుముందు చేసిన ట్రయల్‌లోనే తేలింది.

నాకైతే బ్యాడ్జర్లకి వ్యాక్సిన్ వేయడమే నయం అనిపిస్తుంది. కాకపోతే ఒక్కోదాన్నీ బోనులో పట్టి సూది వేయాలి. ఆ చాకిరీ ఎవరు చేస్తారో మరి.