తాళాలు లేని నాలుగు గంటలు

రాత్రి పదకొండు దాటింది. కొత్త ఇంటి హాల్లో అట్టపెట్టెల మధ్య, గోడకి ఆనించిన పరుపుకి చేరగిలబడి రాస్తున్నాను. పిల్లలు పై గదిలో నేల మీదే దుప్పట్లు పరుచుకుని పడుకున్నారు. మా ఆయన కూర్చున్నచోటే నిద్రలోకి జారుకున్నారు. నాకు ఒళ్లు పులిసిపోయింది కానీ నిద్ర పట్టడం లేదు. ఇవాళ్టిది ఇవాళే రాసుకోకపోతే రేపటి నుంచి సర్దుళ్లలో పడి మర్చిపోతాను.

మేముండేది ఇంగ్లండులో, రెడింగ్‌లో. టైల్‌హర్స్ట్‌లో ఉన్న చిన్న ఇల్లు అమ్మి, ఊరికి అటువైపు లోయర్ ఎర్లీలో మూడు పడగ్గదుల ఇల్లు కొన్నాం. అమ్మడం, కొనడం రెండూ ఒకే రోజు. డబ్బు, తాళాలు చేతులు మారే ఆ రోజుని కంప్లీషన్ డే అంటారు. ఇక్కడ ఇల్లు అమ్మి ఇల్లు కొనుక్కునేవాళ్లలో చాలామందికి ఇది తప్పదు.

"రిజిస్ట్రార్ ఆఫీసుకి ఎన్నింటికి వెళ్లాలి తల్లీ?" అని నాన్న వారం నుంచి అడుగుతూనే ఉన్నారు. ఎవరూ ఎక్కడికీ వెళ్లరు నాన్నా అంటే ఆయనకి నమ్మకం కుదరలేదు. తెనాలిలో మా ఇల్లు కొన్నరోజు నాకు గుర్తుంది. అమ్మినవాళ్లు, మేము ఒకే బల్ల మీద కూర్చున్నాం. నాన్న బొటనవేలికి సిరా మరకతో ఇంటికొచ్చారు. ఇక్కడ బదిలీ పత్రం మీద మేము రెండు వారాల క్రితమే పక్కింటావిడ సాక్షిగా సంతకాలు చేసి సొలిసిటర్‌కి, అంటే ఇంటి కొనుగోలు పనులు చూసే లాయరుకి, పంపేశాం. దాని మీద తేదీ మాత్రం ఖాళీ. డబ్బు చేరిన తర్వాతే సొలిసిటర్ ఆ ఖాళీలో ఇవాళ్టి తేదీ వేస్తారు. ల్యాండ్ రిజిస్ట్రీలో మా పేరు ఎక్కడం ఆ తర్వాతి సంగతి.

అసలు కష్టం చెయిన్‌తో. మాది నాలుగు ఇళ్ల చెయిన్. అన్నిటికన్నా కింద ఒక అమ్మాయి, మొదటిసారి ఇల్లు కొంటోంది, చిన్న ఫ్లాటు. ఆ ఫ్లాటు అమ్ముతున్న దంపతులు మా ఇల్లు కొంటున్నారు. మేము ఒక పెద్దాయన, పెద్దావిడ ఉంటున్న ఇల్లు కొంటున్నాం. వాళ్లు వోకింగమ్‌లో మెట్లు లేని బంగళా కొంటున్నారు. దాని యజమాని పోయారు, వారసులు అమ్ముతున్నారు, ఇల్లు ఖాళీగా ఉంది. చెయిన్ అక్కడితో ఆగుతుంది. ఆ అమ్మాయి డబ్బు కదిలితేనే మిగతా అందరి డబ్బూ కదులుతుంది.

ఇదంతా ఒకసారి తెగి మళ్లీ అతికిన చెయిన్. మార్చిలో మా ఇల్లు కొంటామన్నవాళ్లు ఒక్క ఫోన్ కాల్‌తో తప్పుకున్నారు. కాంట్రాక్టులు ఎక్స్‌ఛేంజ్ అయ్యేదాకా, అంటే సంతకాలైన కాంట్రాక్టులు రెండు వైపులవాళ్లూ మార్చుకునేదాకా, ఎవరైనా అలా వెళ్లిపోవచ్చు, పైసా కట్టక్కర్లేదు. అప్పుడు పెద్దాయన వాళ్లు మా కోసం ఆగారు. వేరేవాళ్లకి అమ్ముకోవచ్చు, అమ్ముకోలేదు. ఆ ఋణం నా మనసులో ఉంది. రెండు వారాల క్రితం ఎక్స్‌ఛేంజ్ అయింది, పది శాతం డిపాజిట్ కట్టాం, తేదీ ఖాయమైంది. ఇక అక్కడి నుంచి వెనక్కి తిరగడానికి లేదు. చెప్పిన రోజున డబ్బు కట్టలేకపోతే నోటీసు ఇస్తారు. అందులో పది పనిదినాల గడువు ఉంటుంది. అది కూడా దాటితే డిపాజిట్ పోవచ్చు.

తేదీ శ్రావణ శుక్రవారం పడింది. నేను అడిగి పెట్టించుకున్నది కాదు, నాలుగు ఇళ్లవాళ్లకీ కుదిరిన రోజు అదొక్కటే. అమ్మ పొంగిపోయింది. నాన్న మాత్రం రాహుకాలం చూడాలన్నారు. శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు కదా అని నేనంటే, అది అక్కడి సూర్యోదయాన్ని బట్టి లెక్కగట్టాలమ్మా అని కాగితం మీద వేసి పంపారు. రెడింగ్‌లో ఇప్పుడు తెల్లవారుజామున అయిదున్నరలోపే సూర్యోదయం, రాత్రి తొమ్మిది కావస్తుండగా అస్తమయం. ఆ పగటిని ఎనిమిది భాగాలు చేస్తే నాలుగోది రాహుకాలం: పదకొండుంపావు నుంచి ఒంటిగంట దాటేదాకా. ఏడోది యమగండం, అది అయిదింటికి మొదలు. "ఒంటిగంటన్నర నుంచి అయిదు లోపల గడప దాటు" అన్నారు. తాళం ఎప్పుడిస్తారో నా చేతిలో లేదని చెప్పడానికి నోరు రాలేదు.

పొద్దున ఎనిమిదింటికే వ్యాను వచ్చింది. పదకొండుకల్లా ఇల్లు ఖాళీ. మీటర్ల రీడింగులు ఫోటో తీసుకున్నాను. ఫారంలో వదిలి వెళ్తామని రాసినవన్నీ ఉన్నాయా అని ఒక్కోటీ సరిచూశాను: కర్టెన్ కడ్డీలు, పొయ్యి, బాత్రూం అద్దం. చివరికి గడప దగ్గర ఆగిపోయాను. ఏడేళ్లు ప్రతి శుక్రవారం పసుపు రాసిన గడప. శుభ్రంగా అప్పజెప్పాలి కదా అని తడిగుడ్డతో తుడిచాను. పైన ఉన్నది పోయింది కానీ చెక్క గీతల్లోకి ఇంకిన పసుపు రాలేదు. గోరుతో గీకాను. ఇంకాసేపు గీకితే చెక్క లేచేట్టు ఉంది. వదిలేశాను. వచ్చేవాళ్లకి కూడా అది మంచిదే.

పదకొండు నలభైకి తాళాలు కవరులో పెట్టి ఏజెంటు ఆఫీసులో ఇచ్చాం. డబ్బు చేరేదాకా కాగితం ప్రకారం ఆ ఇల్లు మాదే. కానీ తాళం చేతిలో లేదు, సామాను వ్యానులో ఉంది, చిన్నదాని ఒళ్లో కరివేపాకు కుండీ.

ఆ తర్వాతంతా ఎదురుచూపే. డబ్బు ప్రయాణం ఇలా ఉంటుంది. ముందు కింది అమ్మాయి సొలిసిటర్ చాప్స్ ద్వారా పంపాలి. ఇది బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు నడిపే చెల్లింపుల వ్యవస్థ, పెద్ద మొత్తాలు అదే రోజు చేరతాయి, పంపాక వెనక్కి తీసుకోవడానికి ఉండదు. ఆ డబ్బు చేరాకే ఫ్లాటు అమ్మినవాళ్ల సొలిసిటర్, దానికి వాళ్ల కొత్త లోన్ కలిపి మా సొలిసిటర్‌కి పంపుతారు. అందులోంచి మా పాత లోన్ తీర్చడానికి కావలసింది పక్కనపెట్టి, మా కొత్త లోన్ కలిపి మా సొలిసిటర్ పైవాళ్లకి పంపాలి. ప్రతి మెట్టు మీదా ఎవరో ఒకరు అకౌంటు చూసుకుని, వచ్చిందని నిర్ధారించుకుని, ఏజెంటుకి ఫోన్ చేసి "తాళం ఇచ్చేయండి" అనాలి. తాళం కూడా డబ్బు వెనకే పైకి ఎక్కుతుంది.

నిన్న మా వాటా పంపే ముందు, సొలిసిటర్ పంపిన మొదటి ఉత్తరంలో ఉన్న నంబరుకే ఫోన్ చేసి అకౌంటు నంబరు నోటితో చెప్పించుకున్నాను. సొలిసిటర్ పేరుతో దొంగ ఈమెయిల్ పంపి, అకౌంటు మారింది ఇందులో వేయండి అనే మోసాలు ఇక్కడ ఇళ్ల కొనుగోళ్లలో చాలా జరుగుతాయి. పోయిందంటే జీవితకాలం కూడబెట్టింది పోతుంది. ఇల్లు కొనే ప్రతి మనవాళ్లకీ ఈ ఒక్క మాట చెబుతూనే ఉంటాను.

ఒంటిగంటకి ఏజెంటుకి ఫోన్ చేస్తే, డబ్బు ఇంకా కిందే ఉందన్నారు. ఆ అమ్మాయి పంపింది పొద్దున పదింటికే బయల్దేరిందట, మధ్యలో ఒక బ్యాంకు తనిఖీ కోసం ఆపింది. మా కాంట్రాక్టులో గడువు మధ్యాహ్నం రెండింటి దాకా. రెండు దాటి చేరితే తర్వాతి పనిదినం చేరినట్టు లెక్క. శుక్రవారం తర్వాతి పనిదినం సోమవారం కాబట్టి మూడు రోజుల వడ్డీ అడగొచ్చు. ఎక్కువమంది శుక్రవారమే కోరుకుంటారు, శని ఆదివారాలు సర్దుకోవచ్చని. ఏదైనా తేడా వస్తే ఆ శని ఆదివారాలే గండం. మా ఆఫీసులో ఒకాయన 2014 అక్టోబరు 20న ఇల్లు మారారు. ఆ రోజు బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండు వ్యవస్థే గంటల తరబడి ఆగిపోయింది, చెల్లింపుల వేళ రాత్రి ఎనిమిది దాకా పొడిగించారు. ఆయన చెప్పిన కథే మధ్యాహ్నమంతా నా చెవుల్లో తిరిగింది.

టెన్షన్ తట్టుకోలేక రెండున్నరకి కొత్త ఇంటి వీధికే వెళ్లి కారు ఆపాం. అక్కడ, ఆ ఇంటి ఎదురుగా, పెద్దాయన వాళ్ల కారు. వాళ్లూ మాలాగే తాళాలు ఇచ్చేసి, బంగళా తాళం ఇంకా రాక, కూర్చుని ఉన్నారు. వెనక సీట్లో బుట్టలో పిల్లి. ముప్పై ఏళ్లకు పైగా ఉన్న ఇంటి ముందు వాళ్లని అలా చూస్తే గుండె కలుక్కుమంది. పొద్దున కలిపి తెచ్చిన చింతపండు పులిహోర ఉంది. వేరుశనగ పడుతుందా అని ముందు అడిగి, డబ్బా, రెండు చెంచాలు ఇచ్చాను. కారు బానెట్ మీద పెట్టుకుని ఇద్దరూ మెల్లగా తిన్నారు. ఆవిడ కరివేపాకు ఏరి పక్కన పెట్టలేదు, నమిలేసింది.

మూడుంబావుకి ఫోన్ మోగింది. మా డబ్బు పైకి చేరింది. మా ఆయన వెళ్లి తాళాలు తెచ్చేసరికి మూడు నలభై. వాళ్ల తాళం ఇంకా రాలేదు.

నేను దీపం కుంది కోసం సంచీ వెతుకుతుంటే ఆవిడ వచ్చి, మొహమాటపడుతూ, బాత్రూం వాడుకోవచ్చా అని అడిగింది. అరగంట క్రితం దాకా తన ఇల్లే. నాకు మాట రాలేదు, తలుపు తీసి పక్కకి జరిగాను. ముందు ఆవిడే లోపలికి నడిచింది. చూడకుండానే చెయ్యి పైకెత్తి లైటు తాడు అందుకుని లాగింది. ఆ తాడు ఎక్కడుందో నేను సాయంత్రం రెండుసార్లు చీకట్లో తడుముకున్నాను.

నాలుగుంపావు దాటాక వాళ్లకీ ఫోన్ వచ్చింది. వెళ్తూ వెళ్తూ పెద్దాయన మా ఆయన చెయ్యి చాలాసేపు వదల్లేదు. ఆలస్యానికి వడ్డీ వాళ్లు అడగలేదు. మేము కిందివాళ్లని అడగలేదు. కింది అమ్మాయి ఎవరో నేను చూడలేదు, చూడబోను. ఇంతమంది తన కోసమే ఆగారని పొద్దున్నుంచీ ఎంత బెంగపడిందో. ఎవరూ ఆమెని ఒక్క మాట అనలేదని తెలిస్తే బాగుండును.

అయిదు లోపలే పాలు పొంగించాం. వీడియోలో అమ్మ, నాన్న చూశారు. దీపం పట్టుకుని నేను అడుగుపెట్టకముందే వేరే ఆవిడ లోపలికి వెళ్లిందని భయపడుతూనే చెప్పాను. నాన్న ఒక్క క్షణం ఆగి, "శ్రావణ శుక్రవారం పెద్ద ముత్తైదువ ముందు నడిచింది. ఇంతకన్నా ఏం కావాలమ్మా" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

పద్నాలుగు రోజుల్లోపల కట్టాల్సిన స్టాంప్ డ్యూటీ, 13,750 పౌండ్లు, సొలిసిటర్ దగ్గర సిద్ధంగా ఉంది. పసుపు డబ్బా ఇందాకే దొరికింది, ఇస్త్రీపెట్టె ఉన్న పెట్టెలో. ఇక్కడ గడప తెల్లటి ప్లాస్టిక్, నీళ్లు పోస్తే జారిపోయే రకం. పొద్దున స్నానం చేసి కాస్త చిక్కగా కలిపి రాసి చూస్తాను.