డిపోలో కోత భయం, బయట కొత్త పిలుపు: నేను ఎలా తేల్చుకున్నాను

మా డిపోలో మనుషుల్ని తగ్గిస్తారన్న సంగతి నోటీసు బోర్డు కన్నా ముందే షెడ్డులో తెలిసిపోయింది. అరిగిన టైరు తీస్తే కొత్తది వేసే అలవాటున్న చోట, పైన రబ్బరు అతికించిన పాత టైర్లు ఎక్కించడం మొదలైంది. పెద్ద సర్వీసింగుకు వెళ్లాల్సిన లారీలను గోడ వారన నిలిపేశారు. పదవీ విరమణ చేసిన డ్రైవరు స్థానంలో ఎవరినీ తీసుకోకుండా ఆయన రూటును మిగిలినవాళ్లకు పంచారు. ఒక డిపోను ఎక్కువకాలం నడపదలచుకోని యాజమాన్యం ముందుగా ఆపేది ఇలాంటి ఖర్చులనే. పుకారునైతే కొట్టిపారేయవచ్చు, కదలకుండా దుమ్ము పట్టిన లారీని ఎలా కొట్టిపారేస్తాం?

సరిగ్గా ఆ రోజుల్లోనే మరో రవాణా సంస్థ నుంచి పిలుపు వచ్చింది. నెలకు చేతికందేది నా జీతం కన్నా బాగా ఎక్కువ ఉంటుందని చెప్పారు. కాకపోతే అందులో స్థిరంగా వచ్చేది కొంతే, మిగతాదంతా ట్రిప్పుల మీద ఆధారపడి ఉంటుంది. ఏ సంగతీ త్వరగా చెప్పమన్నారు.

ఇంట్లో మాట్లాడుకున్నాం. "ఉద్యోగం చేతిలో ఉన్నప్పుడు అడిగితే ఒక లెక్క, పోయాక అడిగితే ఒక లెక్క. ఉండగానే చూసుకోండి" అంది నా భార్య. మా డిపోలో అందరికన్నా పాత డ్రైవరు మాత్రం వేరేలా చెప్పాడు. "తొందరపడకు తమ్ముడూ. వాళ్లు పొమ్మంటే లెక్క కట్టి ఇచ్చి పంపాలి. నీ అంతట నువ్వు రాజీనామా ఇస్తే ఎవరిని అడుగుతావు?" అన్నాడు. రెండూ నిజమే. నాకు నిద్ర పట్టనిది అందుకే. ఒకటి తప్పయి ఉంటే రెండోది పట్టుకుని నిశ్చింతగా ఉండేవాడిని.

యూనియన్ పనులు చూసే ఒక పెద్దాయన దగ్గర కూర్చుని సర్వీసు సంగతి వివరంగా తెలుసుకున్నాను. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1982లో చేసిన 158వ ఒప్పందం ఉద్యోగాల తొలగింపు గురించే. పని తగ్గిందన్న కారణంతో మనుషుల్ని తీసేయవచ్చు గానీ, ముందుగా గడువు ఇవ్వాలి, కార్మికుల ప్రతినిధులతో మాట్లాడాలి, సర్వీసు కాలాన్నీ జీతాన్నీ బట్టి పరిహారమో, నిరుద్యోగ భృతో, రెండూ కలిపో అందాలి అంటుంది. దాన్ని ఆమోదించని దేశాలు ఎన్నో ఉన్నాయి. అయినా ఏళ్లను బట్టి పరిహారం కట్టే పద్ధతి చాలా చోట్ల చట్టంలోనో, సంస్థతో చేసుకున్న ఒప్పందంలోనో ఉంటుంది. తగ్గింపు వచ్చినప్పుడు చివర చేరినవారిని ముందు పంపే ఆనవాయితీ కూడా అంతే.

ఈ రెండో సంగతి దగ్గర నా ఆలోచన ఆగిపోయింది. ఇక్కడ నాకు పదేళ్లు దాటిన సర్వీసు ఉంది. భద్రత కోసమని అక్కడికి వెళ్తే, సర్వీసు వరుసలో అందరికన్నా కింద నా పేరు ఉంటుంది. రవాణాకు గిరాకీ తగ్గితే ఒక్క మా సంస్థకే తగ్గదు కదా! అక్కడ కోత పడితే మొదట నా మీదే పడుతుంది, అప్పుడు చేతికొచ్చే పరిహారమూ ఉండదు.

అయినా ఇదొక్కటే చూసి కాదనడం సబబుగా తోచలేదు. మా మేనేజరుకు కాగితం మీద రాసి ఇచ్చాను: నా రూటు ఉంటుందా, ఎవరిని పంపాలో ఏ వరుసలో నిర్ణయిస్తారు, స్వచ్ఛందంగా వెళ్లేవారికి ఏమైనా ఇస్తారా అని. నోటితో అడిగితే నోటితోనే దాటేస్తారు. కాగితానికి ఏదో ఒక జవాబు ఇవ్వక తప్పదు. రాత్రిపూట దూరపు రూట్లను కాంట్రాక్టుకు ఇచ్చే ఆలోచన ఉందని, పగటి రూట్లు కొనసాగుతాయని, సీనియారిటీని పాటిస్తామని చెప్పారు. గట్టి హామీ కాదు గానీ, చీకట్లో తడుముకోవడం తగ్గింది.

కొత్త సంస్థవారిని కూడా ఒక కోరిక కోరాను. మీ డ్రైవరుతో ఒకసారి పక్క సీట్లో కూర్చుని వస్తానన్నాను. ఒప్పుకున్నారు. ఉద్యోగం మారదలచుకున్న ఏ డ్రైవరైనా తప్పకుండా చేయవలసిన పని ఇది. జీతం గురించి ఆఫీసులో ఎంత విన్నా తెలియనిది క్యాబిన్‌లో కూర్చుంటే తెలుస్తుంది.

లోడు ఎత్తుకోవలసిన గోదాము బయట లారీలు బారులు తీరి ఉన్నాయి. అతను టోకెను తీసుకుని ఎండకు అడ్డం పెట్టే రేకు వెనక దోపాడు. ముందు బండి కదిలినప్పుడల్లా ఇంజను వేయడం, బండి పొడవంత ముందుకు జరగడం, మళ్లీ ఆపేయడం. కునుకు తీయడానికి లేదు, దిగి ఎక్కడికీ పోవడానికి లేదు. పొద్దున వేసుకున్న వరుస మధ్యాహ్నం దాటినా తెమలలేదు. ఈ వేచి ఉన్న సమయానికి పైసా రాదు, ఎందుకంటే ట్రిప్పు ఇంకా మొదలు కాలేదు. పైగా రిజిస్టరులో ఆ గంటలన్నిటికీ ఎదురుగా 'విశ్రాంతి' అని రాశాడు. అలాగే రాయమన్నారట. రోడ్డెక్కాక పోయిన సమయాన్ని రాబట్టుకోవడానికి అతను ఎక్కడా ఆగలేదు. ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో తిన్నాడు.

రోడ్డు రవాణాలో పనిగంటల మీద అదే అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో చేసిన 153వ ఒప్పందం, విరామం లేకుండా ఏకబిగిన 4 గంటలకు మించి నడపకూడదని, రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదని చెబుతుంది. ఆ హద్దులు ఊరికే పెట్టలేదు. అలసిన డ్రైవరుకు కళ్లు తెరిచే ఉంటాయి, బ్రేకు మీదికి కాలు మాత్రం ఆలస్యంగా వెళ్తుంది. అది నేను ఒంటితో ఎరిగిన సంగతి. అతను మంచి డ్రైవరు. అతన్ని అలా నడపనిచ్చే ఏర్పాటు మీదే నాకు కోపం.

ఇంటికొచ్చాక నేనూ నా భార్యా లెక్క వేశాం. నెల జీతాన్ని నడిపిన గంటలతో కాకుండా, ఇల్లు వదిలి ఉన్న గంటలన్నిటితో భాగించాం. అంత ఘనంగా కనబడిన తేడా చాలావరకు కరిగిపోయింది. లోడ్లు తక్కువగా ఉండే నెలను తీసుకుంటే ఇప్పటి జీతమే పైచేయి అయింది. రానని చెప్పేశాను.

అందరూ ఇలాగే ఉండిపోవాలని నేను అనను. మా దగ్గర ఈమధ్యే చేరిన ఒక కుర్రవాడు నెల జీతమున్న ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. పోగొట్టుకునే సర్వీసు లేనప్పుడు అతను చేసిందే సరైన పని.

ఉండిపోతున్నానని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. వైద్య పరీక్ష, లైసెన్సు గడువు రాకముందే చూసుకున్నాను. మండే సరుకు రవాణా చేయడానికి కావలసిన శిక్షణ తీసుకున్నాను. నన్ను ఎరిగిన మేనేజరు ఆ కుర్చీలో ఉండగానే, ప్రమాదం లేకుండా నడిపిన ఏళ్లతో సహా అనుభవ పత్రం రాయించుకున్నాను. డిపో మూతపడ్డాక ఆ సంతకం కోసం ఎవరి చుట్టూ తిరగాలి?

తర్వాత జాబితా వచ్చింది. రాత్రి రూట్ల వాళ్లలో కొందరు పరిహారం తీసుకుని వెళ్లారు, కొందరిని పగటి రూట్లకు మార్చారు. నాకు ఇప్పుడు రెండు రూట్లు కలిపి ఇచ్చారు. పని పెరిగింది, కానీ రాత్రికి ఇంట్లో ఉంటున్నాను. మరో విడత ఉండవచ్చని షెడ్డులో అనుకుంటున్నారు. స్వచ్ఛందంగా వెళ్లమని కాగితం చేతికిస్తే ఎంతకు తగ్గితే సంతకం పెట్టకూడదో ఇద్దరం ముందే అనుకుని, ఆ అంకెను లైసెన్సు పెట్టుకునే కవరులోనే రాసి ఉంచుకున్నాను.