అమ్మ మానేసిన గోలీ

అమ్మ మెట్‌పల్లిలో ముప్ఫై ఏళ్లు బీడీలు చుట్టింది. షుగర్ వచ్చి పదేళ్లు దాటింది. పోయిన వానాకాలం నుంచి రాత్రయితే చాలు, అరికాళ్లు మంటలు. "కారం రాసినట్టు మండుతున్నయ్ బిడ్డా" అంటూ చల్లటి బండ మీద కాళ్లు ఆనించి కూర్చునేది. హనుమకొండకు నా దగ్గరికి తీసుకొచ్చాను. డాక్టరు డ్యులోక్సెటిన్ 30 మిల్లీగ్రాములు రాశారు. మూడు వారాలకు కాస్త నిద్రపట్టింది.

ఊరికి వెళ్లాక ఎవరో "అవి పిచ్చి గోలీలు" అన్నారట. నాకు చెప్పకుండా మానేసింది. రెండు రోజుల్లో తల తిరుగుడు, వికారం, మళ్లీ అదే మంట. నేను వెళ్లేసరికి ఒకటే మాట అడిగింది: "నా నొప్పి ఉత్తదే అనుకున్నరా?"

మెడికల్ షాపు నడుపుతూ ఇన్నేళ్లు ఆ గోలీ ఎంతోమందికి ఇచ్చాను. అమ్మకే సరిగ్గా చెప్పలేదని చాలా బాధేసింది. పక్కన కూర్చుని చెప్పాను.

కాలి నుంచి నొప్పి కబురు ముందు వెన్నుపాముకు చేరుతుంది, అక్కడి నుంచి మెదడుకు. మెదడు ఊరికే వింటూ ఉండదు. మెదడు అడుగున ఉండే మెదడు కాండం నుంచి కిందికి దిగే నరాలు వెన్నుపాములో సెరటోనిన్, నారెడ్రినలిన్ అనే రెండు రసాయనాలు వదులుతాయి. నారెడ్రినలిన్ ఎక్కువగా నొప్పిని అణుస్తుంది. సెరటోనిన్ సంగతి అలా కాదు, అది ఏ గ్రాహకానికి, అంటే కణం మీద కబురు అందుకునే ఏ భాగానికి, అతుక్కుందన్నదే లెక్క. దానికి ఏడు కుటుంబాల గ్రాహకాలున్నాయి. వాటిలో 5-హెచ్‌టీ1ఏ లాంటివి వెన్నుపాములో ఎక్కువగా కబురును తగ్గిస్తాయి, 5-హెచ్‌టీ3 పెంచగలదు. గాయమైన చోట రక్తంలోని ప్లేట్‌లెట్లు వదిలే సెరటోనిన్ కూడా నొప్పిని పెంచేదే. కందిరీగ విషంలోనూ సెరటోనిన్ ఉంటుంది. అందుకే దాన్ని 'ఆనందం హార్మోన్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తే నాకు నచ్చదు.

మెదడు కాండంలోని ఇలాంటి సెరటోనిన్ కణాలే పైకి, భయాన్ని, దిగులును చూసుకునే భాగాలకూ తీగలు పంపుతాయి. అక్కడా 5-హెచ్‌టీ1ఏ ఉంది. ఆందోళనకు ఇచ్చే బుస్పిరోన్ పనిచేసేది దాని మీదే. టెన్షన్ రోజుల తరబడి ఉంటే పైనుంచి దిగే ఆ అదుపు దెబ్బతిని, నొప్పి పెరగడానికే దారి కావచ్చు.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "దుబాయ్ నుంచి తమ్ముడు ఫోన్ చెయ్యని రాత్రి మంట ఎక్కువైతది. నీకెన్నడు చెప్పలే" అంది.

ఆ మంట ఉత్తది కాదు. షుగర్‌తో దెబ్బతిన్న నరాలది. దిగులు దాన్ని ఇంకా ఎగదోస్తోంది. డ్యులోక్సెటిన్ సెరటోనిన్, నారెడ్రినలిన్ రెండింటినీ నరాల సందుల్లో ఎక్కువసేపు నిలుపుతుంది. డిప్రెషన్‌కూ, షుగర్ నరాల నొప్పికీ అదే గోలీ ఇవ్వడానికి కారణం అది. డాక్టరుతో మాట్లాడి మళ్లీ 30తోనే మొదలుపెట్టాం. ఆపాల్సి వస్తే మెల్లగా తగ్గిస్తూ ఆపాలని ఈసారి అమ్మకు ముందే చెప్పాను.

ఇప్పుడు షాపులో ఆ గోలీ ఇచ్చేటప్పుడు కవరు మీద 'నరాల నొప్పికి' అని పెద్దక్షరాలతో రాస్తున్నాను. కింద ఇంకో వరుస: 'అడగకుండా ఆపొద్దు'.