పాత ఇంటికి లోకల్ ల్యాండ్‌మార్క్ హోదా: ఫైలు ఎక్కడ ఆగుతుంది

అమెరికాలో పాత ఇల్లు కొన్నవాళ్లు తరచూ రెండు వేర్వేరు గుర్తింపుల్ని ఒకటే అనుకుంటారు. 1966 చట్టంతో వచ్చిన నేషనల్ రిజిస్టర్ చారిత్రక కట్టడాల ఫెడరల్ జాబితా. ఇల్లు అందులో ఉన్నా, యజమాని సొంత డబ్బుతో దాన్ని కూల్చుకుంటానంటే ఆ జాబితా అడ్డుపడదు. నిజంగా కాపలా కాసేది సిటీ, కౌంటీ ఆర్డినెన్స్ (స్థానిక చట్టం) కింద ఇచ్చే లోకల్ హోదానే. గోడకో ఇత్తడి పలక ఉంటే చాలనుకునేవాళ్లు దీని జోలికి రాకపోవడమే మేలు.

నిబంధనలు ఊరికో తీరు. చాలాచోట్ల 50 ఏళ్లు నిండాలంటారు గానీ, వయసొక్కటే చాలదు. ఆ ఇల్లు ఎందుకు ముఖ్యమో చెప్పాలి: ఏదైనా సంఘటన వల్లా, అక్కడున్న మనిషి వల్లా, కట్టిన తీరు వల్లా? ఒకటి గట్టిగా నిరూపిస్తే చాలు. మూడూ కలిపి పలచగా రాసిన రిపోర్టు, దరఖాస్తులు పరిశీలించే స్థానిక పరిరక్షణ కమిషన్ ముందు నిలబడదు.

అందరూ తడబడేది కట్టిన సంవత్సరం దగ్గర. పన్ను రికార్డులో ఉండేది చాలాసార్లు అంచనా మాత్రమే. 1900 అని గుండ్రంగా కనిపిస్తే వెంటనే అనుమానించాలి. డీడ్‌లను (ఆస్తి చేతులు మారిన దస్తావేజులను) ఇప్పటి యజమాని నుంచి వెనక్కి చూసుకుంటూ పోవాలి. అవి చెప్పేది స్థలం సంగతే, ఇంటి సంగతి కాదు; ధర ఉన్నట్టుండి పెరిగిన చోట ఇల్లు లేచి ఉండొచ్చు. దాన్ని ఎవరు ఏ చిరునామాలో ఉండేవారో చెప్పే పాత సిటీ డైరెక్టరీలతో సరిచూడాలి.

అన్నిటికంటే పనికొచ్చేవి శాన్‌బోర్న్ మ్యాపులు. అగ్నిప్రమాద బీమా కోసం గీసినవి కాబట్టి ఇల్లు దేంతో కట్టారో రంగులోనే తెలుస్తుంది: పసుపైతే చెక్క, గులాబీ అయితే ఇటుక, నీలమైతే రాయి. వసారాను చుక్కల గీతతో చూపిస్తారు. ఒక ఏడాది మ్యాపులో లేని వసారా తర్వాతి మ్యాపులో ఉంటే, అది ఎప్పుడు కలిపారో ఆ రెండు మ్యాపుల సంవత్సరాల మధ్యకు కుదించుకోవచ్చు. అటక మీద మేకులూ సాక్ష్యమే. నలుపలకల ఒంటితో, మొద్దు మొనతో ఉన్న కట్ మేకైతే దాదాపు 1890లకు ముందుది. గుండ్రటి తీగ మేకులు ఎక్కువగా వాడింది ఆ తర్వాతే. ఒక్క మేకుతో తేల్చెయ్యకూడదు, పాత కలప మళ్లీ వాడినవాళ్లు చాలామంది.

ఫైలు తిరిగొచ్చేది ఎక్కువగా కిటికీల దగ్గర. దరఖాస్తుకు ముందే చెక్క రెక్కలు పీకి వినైల్ పెట్టించేస్తారు. అసలు వస్తువే పోయాక పాతతనానికి రుజువేది? ఆ చెక్క రెక్కల్ని పైకెత్తే తాడు తెగితే మార్చుకోవచ్చు, పుట్టీ ఊడితే మళ్లీ పట్టించుకోవచ్చు. ఏదైనా ఇప్పటికే మార్చి ఉంటే దాచొద్దు. ఏది, ఎప్పుడు మార్చారో ఫొటోతో సహా రాయండి.

హద్దులు కూడా రిపోర్టులోనే తేల్చాలి: స్థలం మొత్తమా, వెనకాల షెడ్డు కూడానా? నార్త్ కరోలినాలో ఇంటి లోపలి భాగాలు కమిషన్ పరిధిలోకి రావాలంటే యజమాని ఒప్పుకోవాలి. అక్కడ రిపోర్టు రాష్ట్ర చారిత్రక పరిరక్షణ కార్యాలయానికి అభిప్రాయం కోసం వెళ్తుంది, తర్వాత బహిరంగ విచారణ, ఆపైన ఆర్డినెన్స్. దరఖాస్తు చేసుకుంటే ఆస్తిపన్ను విలువలో సగం మీద పన్ను వాయిదా పడుతుంది. మాఫీ కాదు సుమా: హోదా పోతే మూడేళ్ల బకాయి వడ్డీతో కట్టాలి. కూల్చివేతను అక్కడ 365 రోజుల వరకు ఆపగలరు. ఇక 20 శాతం ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ అద్దెకిచ్చే ఇళ్లలాంటి ఆదాయమిచ్చే భవనాలకే. సొంతంగా ఉండే ఇంటికి రాదు.

హోదా వచ్చాక బయట ఏం మార్చాలన్నా ముందు కమిషన్ అనుమతిపత్రం కావాలి. ఉన్నదాన్ని ఉన్నట్టే బాగుచేస్తే చాలాచోట్ల సిబ్బంది స్థాయిలోనే తేలిపోతుంది. మేస్త్రీ మాట విని పాత ఇటుక గోడకు గట్టి సిమెంటుతో పాయింటింగ్ (ఇటుకల మధ్య సందులు పూడ్చడం) చేయిస్తేనే అసలు చిక్కు. మెత్తని సున్నపు మోర్టారు తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు పోనివ్వదు, ఇటుకకన్నా గట్టిగా ఉంటుంది. తేమ ఇటుకలోనే ఆగి, చలికి గడ్డకట్టి, పైపొర పెచ్చులుగా రాలుతుంది. సున్నం నిలిచేచోట సున్నమే వాడమని అనుమతిపత్రంలోనే రాయించుకోండి.