గుమ్మంలో ఆగిపోయిన శివయ్య

వినాయక చవితి కథ మనందరికీ దాదాపు నోటికొచ్చేసి ఉంటుంది, చేతిలో అక్షతలు పట్టుకుని ఏటా వింటూనే ఉంటాం కదా, గజాసురుడు, గంగిరెద్దు మేళం, నలుగుపిండి బాలుడు, చంద్రుడి శాపం, శమంతకమణి. అయితే పిల్లలు టీనేజ్‌లోకి వచ్చాక నాకు ఈ కథలో ఒక్క చోటే మనసు ఆగిపోతోంది. శివుడంతటివాడు సొంత ఇంటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఆపిందెవరు? తన భార్య ప్రాణం పోసిన పిల్లాడు.

ఈ బాధ బయటికి చెప్పుకునేది కాదు. తల్లీ కూతురూ ఒక గదిలో కూచుని పడీ పడీ నవ్వుకుంటుంటారు, మనం లోపలికి అడుగు పెట్టగానే ఆ నవ్వు ఆగిపోతుంది, ఏంటమ్మా అంటే ఏం లేదు నాన్నా అంటుంది. కొన్ని ఇళ్ళల్లో ఇది తిరగబడి ఉంటుంది, తండ్రీ కొడుకూ మ్యాచ్ గురించో ఫోన్ గురించో గంటలు గంటలు మాట్లాడుకుంటుంటే తల్లి ఆ మాటల చుట్టూ తిరుగుతూ ఉంటుంది, మధ్యలో ఏదైనా అడిగితే నీకు తెలీదులే అమ్మా అనేస్తాడు వాడు, పక్కనున్న భర్త కూడా నవ్వేస్తాడు. ఎవరికని చెప్పాలి? కన్నబిడ్డ మీద అసూయా అంటారేమో అని భయం. నిజానికి అది అసూయ కూడా కాదు, నా ఇంట్లో నేనే చుట్టంలా అయిపోయానా అన్న దిగులు. ఆ దిగులు పెద్దవాళ్ళకి రాకూడదని ఎక్కడా రాసిలేదు.

సరే కథలోకి వద్దాం. శివుడు అప్పటిదాకా ఎక్కడున్నాడు? గజాసురుడికిచ్చిన వరానికి కట్టుబడి వాడి కడుపులో ఉండిపోయాడు, ఇంటికి దూరంగా. విష్ణుమూర్తి గంగిరెద్దులవాడి వేషంలో వెళ్ళి నందిని ఆడించి విడిపిస్తే అప్పుడు కైలాసానికి బయల్దేరాడు. ఆ కబురు వినగానే అమ్మవారు ఏం చేసింది? భర్త వస్తున్నాడన్న సంతోషంతో తలంటుకోడానికి సిద్ధమైంది, ఆ నలుగుపిండితోనే బాలుణ్ణి చేసి, ప్రాణం పోసి, వాకిట్లో కాపలా పెట్టింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆయన్ని గుమ్మంలో ఆపిన పిల్లాడు ఎక్కడినుంచి వచ్చాడు, ఆయన కోసం ఆవిడ పడిన ఆనందంలోంచే కదా వచ్చాడు! ఆయన్ని బయట ఉంచాలని ఎవరూ అనుకోలేదు. అమ్మ కాపలా ఉండమంది, పిల్లాడు ఉన్నాడు, అంతే. బయట నిలబడ్డ మనిషికి మాత్రం ఇవేవీ కనపడవు, మూసిన తలుపొక్కటే కనపడుతుంది. మన ఇళ్ళల్లో కూడా చాలాసార్లు ఇంతేనేమో అనిపిస్తుంది నాకు, ఆ తల్లీ పిల్లా కలిసి మనల్ని బయట పెట్టారని అనుకుంటాం గానీ వాళ్ళ లెక్కలో ఆ ఆలోచనే ఉండదు.

శివపురాణంలో ఈ కథ కొంచెం వేరేగా ఉంటుంది. అక్కడ నందిని ద్వారం దగ్గర పెట్టినా శివుడు లోపలికి వచ్చేస్తాడు, అప్పుడు చెలికత్తెలు జయ విజయ అన్న మాట అమ్మవారికి గుర్తొస్తుంది, ఇక్కడున్న ప్రమథగణాలన్నీ ఆయనవే, మనకంటూ ఒకడుండాలి అని. ఆ కోరికలోంచి పుట్టాడు గణపతి. ఇది చదివినప్పుడు చాలాసేపు కూర్చుండిపోయాను. మనం లేనన్నాళ్ళూ, మనం ఆఫీసులోనో పనుల్లోనో ఉండిపోయినన్నాళ్ళూ, లోపలున్న మనిషికి కూడా నాకంటూ ఒకరు కావాలని అనిపించి ఉండొచ్చు కదా, ఆ ఖాళీలో పిల్లలు దగ్గరై ఉండొచ్చు. వెలితి బయటున్నవాళ్ళకే ఉంటుందనుకోవడం సరికాదు.

ఇక త్రిశూలం సంగతి. కోపం నిజానికి ఎవరి మీద? వ్రతకథలో ఆ పిల్లాడెవరో కూడా శివుడికి తెలీదు. తల నరికి లోపలికి వెళ్ళాకే భార్యాభర్తలు మాట్లాడుకుంటారు, ఆ మాటల్లోనే బాలుడి ప్రస్తావన వస్తుంది, అమ్మవారు కుప్పకూలిపోతుంది. ముందు జరగాల్సిన మాట తర్వాత జరిగింది. పరమేశ్వరుడి లీలని తప్పుపట్టేంతవాణ్ణి కాదు, మనకి చెప్పడానికే స్వామి ఇలా నడిపించాడని నా నమ్మకం. భార్యాభర్తల మధ్య పేరుకున్న వెలితి వాళ్ళిద్దరి మధ్య మాటగా రాకపోతే అది తిన్నగా వెళ్ళి పిల్లల మీద పడుతుంది. ఎప్పుడూ ఆ ఫోనేనా, ఈ మార్కులేంటి, ఆ తిరుగుళ్ళేంటి అని విసుక్కుంటాం, అసలు సంగతి మార్కులు కాదు. మీరిద్దరూ మాట్లాడుకుంటుంటే నాకు ఒంటరిగా ఉంటోంది అన్న ఒక్క ముక్క, పిల్లలు లేనప్పుడు, జీవితభాగస్వామితో మెల్లగా అనగలిగితే చాలు. అది అడుక్కోవడం కాదు, తగ్గిపోవడం కాదు. అలాగని ఆ ముక్క పిల్లల ముందు అనొద్దు, మీ అమ్మకి నువ్వే ఎక్కువ, మీ నాన్నకి నువ్వే ముద్దు లాంటి మాటలు నవ్వుతూ అన్నా సరే వద్దు, ఆ వయసులో అమ్మా నాన్నల్లో ఒకరి పక్షాన నిలబడాల్సి రావడం వాళ్ళకి మోయలేని బరువు.

తర్వాత శివుడు తన దగ్గరున్న గజాసురుడి శిరస్సు తెచ్చి అతికించి బతికించాడు, గజాననుడని పేరొచ్చింది. పాత ముఖం తిరిగి రాలేదు చూడండి. ఇక్కడ నాకు ఎప్పుడూ కళ్ళు చెమరుస్తాయి. మన భుజాలెక్కి తిరిగిన చిన్నపిల్ల మళ్ళీ రాదు, ఆ పిల్ల కోసం ఎదురుచూస్తూ ఉంటే ఎదురుగా ఉన్న పదిహేనేళ్ళ పిల్ల కనపడకుండా పోతుంది. కొత్త ముఖాన్ని కొత్తగా పరిచయం చేసుకోవాలి, వాళ్ళకేం ఇష్టమో ఇప్పుడు అడగాలి, చెప్పకపోతే ఊరుకుని ఇంకో రోజు అడగాలి. కథలో ఆ దంపతులు ఆ తర్వాత ఆ బాలుణ్ణి ఇద్దరూ ప్రేమగా పెంచుకున్నారు, మొదట అమ్మ ఒక్కదాని బిడ్డగా పుట్టినవాడు ఇద్దరి బిడ్డయ్యాడు, దానికి కొంత తండ్రి ఇచ్చింది కూడా ఆ ఒంట్లో చేరాల్సొచ్చింది.

విఘ్నాధిపత్యం కోసం పోటీ పెట్టినప్పటి సంగతి కూడా చెప్పి ఆపేస్తాను. మూడు లోకాల్లోని పుణ్యనదులన్నిటిలో స్నానం చేసి ముందుగా వచ్చినవాడికే ఆ పదవి అన్నాడు శివుడు. కుమారస్వామి నెమలినెక్కి వెళ్ళిపోయాడు, గజాననుడు వెళ్ళలేక దిగులుపడి ఎవరి దగ్గరికొచ్చాడు? తండ్రి దగ్గరికి. ఒకనాడు ఏ తండ్రిని గుమ్మంలో ఆపాడో ఆయన పాదాల దగ్గరికే వచ్చి ఉపాయం చెప్పమన్నాడు. శివుడు పాత సంగతి ఎత్తలేదు, నారాయణ మంత్రం చెప్పాడు. ఆ మంత్రం జపిస్తూ పిల్లాడు అమ్మానాన్నలిద్దరి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేశాడు, అక్కడ మూడు కోట్ల యాభై లక్షల నదుల్లోనూ కుమారస్వామికి అన్న తనకన్నా ముందే స్నానం చేసి ఎదురొస్తూ కనిపించాడు. పిల్లలు ఏదో ఒక రోజు ఏదో ఒకటి అడగడానికి మన దగ్గరికీ వస్తారు, అమ్మకి చెప్పలేనిదో నాన్నకి చెప్పలేనిదో ఒకటి ఉంటుంది. ఆ రోజుకి మన మొహం మాడ్చుకుని లేకుండా, ఇన్నాళ్ళకి గుర్తొచ్చానా అన్న మాట నోటికి రాకుండా చూడు స్వామీ. ఈ చవితికి నా పూజలో ఇదే అడుగుతున్నాను, మీలో ఎవరికైనా ఇదే బాధ ఉంటే మీ కోసం కూడా కలిపి అడుగుతాను.