కంపైలర్ నోరు నొక్కిన పాపం

సుమారు 11 వేల వరుసల సీ ప్రోగ్రామ్ ఒకటి రెండు నెలలుగా నా చేతిలో ఉంది. సరుకు నిల్వల లెక్కలు చూసే ఈ ప్రోగ్రామును 1990ల చివర్లో 32 బిట్ల లినక్స్ కోసం రాశారు. దాన్ని ఇప్పుడు 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్ మీద నడిచే కొత్త లినక్స్‌కు తీసుకురావాలి. రాసినవారెవరో తెలియదు కానీ, చెయ్యి తిరిగినవారేనని కోడ్ చదివితే అర్థమవుతుంది. అందుకే, మళ్ళీ ఒకసారి కంపైల్ చేస్తే, అంటే కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చే కంపైలర్‌కు అప్పగిస్తే, చాలుననుకుని పని ఒప్పుకున్నాను.

కంపైలర్ దాకా వెళ్ళకముందే మొదటి అడ్డంకి ఎదురైంది. యంత్రం ఏ రకానిదో పసిగట్టడానికి ప్రోగ్రాముతో పాటు వచ్చే స్క్రిప్టును రాసేనాటికి 64 బిట్ల ఆర్మ్ అనేదే లేదు కనుక, అది చేతులెత్తేసింది. దాని తాజా ప్రతిని తెచ్చి పెడితే సరిపోయింది. తరువాత, విడివిడిగా కంపైలైన ఫైళ్ళను ఒకే ప్రోగ్రాముగా కలిపే లింకర్ వంతు వచ్చింది. ప్రోగ్రామంతా వాడుకునే గ్లోబల్ వేరియబుల్‌ను, ‘ఇది వేరే చోట ఉంది’ అని చెప్పే ఎక్స్‌టర్న్ అనే మాట లేకుండా, చాలా ఫైళ్ళు కలుపుకునే హెడర్ ఫైల్లో ప్రకటించడం పాతకాలపు అలవాటు. ఫైలుకొకటిగా పుట్టే ఆ ప్రతులను మునుపు ఒకటిగా కలిపేసేవారు, నేను వాడే కంపైలర్ జీసీసీలో, 2020లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి మామూలుగా అది కుదరదు. ఇదీ ఒక పూట పనే. పేరు పెట్టి నిలదీసే ఇలాంటి తప్పులను నేను కష్టాల కింద జమకట్టను.

అసలు తప్పు నేనే చేశాను. ఏం తిరిగిస్తుందో ముందుగా ప్రకటించని ఫంక్షన్‌ను (ఒక పని చేసిపెట్టే కోడ్ ముక్కను) పిలిచే వెసులుబాటును 1999 నాటి సీ ప్రమాణమే తొలగించినా, జీసీసీ ఏళ్ళ తరబడి హెచ్చరికతోనో మౌనంతోనో సరిపెట్టి, 2024లో వచ్చిన 14వ వెర్షన్లో గానీ దాన్ని తప్పుగా మార్చలేదు. అలాంటివి నా తెర మీద 200కు పైగా వచ్చి పడ్డాయి. విసుగెత్తి, వాటిని మళ్ళీ హెచ్చరికల స్థాయికి దించే ఆప్షన్ ఒకటి, కంపైలర్‌కు ఇచ్చే ఆదేశాలుండే మేక్‌ఫైల్లో చేర్చి, ఆ హెచ్చరికలు కూడా కనిపించకుండా చేశాను. ప్రోగ్రామ్ కంపైల్ అయింది, మెనూ చూపించింది, మొదటి సరుకు పేరు వెతకగానే కుప్పకూలింది.

ప్రోగ్రామును అడుగడుగునా ఆపి చూపే డీబగ్గర్‌లో చూస్తే, వెతికే ఫంక్షన్ మెమరీలోని సరైన చిరునామానే తిరిగి ఇస్తోంది, కానీ పిలిచిన చోటికి చేరేసరికి దాని పై సగం పోయి కింది సగమే మిగులుతోంది. ప్రకటన లేని ఫంక్షన్ ఇంట్‌ను, అంటే పూర్ణాంకాన్ని, తిరిగిస్తుందని కంపైలర్ ఊహించుకుంటుంది. 32 బిట్ల యంత్రంలో ఇంట్‌కూ, చిరునామాను దాచే పాయింటర్‌కూ 4 బైట్లే కనుక ఆ ఊహ ఇన్నేళ్ళూ చెల్లిపోయింది, ఇక్కడ పాయింటర్‌కు 8 బైట్లు. ఆప్షన్ తీసేసి, అన్నిచోట్లా ప్రకటనలు రాస్తూ మూడు రోజులు కూర్చున్నాను.

కంపైలర్ కంట పడనివి వేరే ఉన్నాయి. పాత డేటా ఫైలు తెరిస్తే, మొదటి రికార్డులో సరుకు సంఖ్య సరిగ్గానే వచ్చింది, తేదీ మాత్రం అర్థంపర్థం లేనిది. ఈ ప్రోగ్రామ్, ఒక రికార్డు వివరాలన్నిటినీ కలిపి ఉంచే తన స్ట్రక్చర్‌ను ఉన్నదున్నట్టు డిస్కు మీద రాసేస్తుంది. అందులో సంఖ్యకు ఒక ఇంట్, తేదీకీ పరిమాణానికీ చెరొక లాంగ్ (32 బిట్ల లినక్స్‌లో 4 బైట్లుండే మరో పూర్ణాంక రకం), పేరుకు 20 బైట్లు, మొత్తం 32 బైట్లు. 64 బిట్ల లినక్స్‌లో లాంగ్ 8 బైట్లు కావడమే కాక, 8తో భాగించదగిన చోటే మొదలవ్వాలి కనుక మధ్యలోనూ చివరలోనూ ఖాళీలు చేరి, అదే స్ట్రక్చర్ 48 బైట్లయింది. ఫలితంగా పాత ఫైల్లోని పరిమాణమూ, పేరులోని మొదటి 4 అక్షరాలూ కలిసి తేదీగా అవతరించాయి! ఫైల్లోకి వెళ్ళే ప్రతి అంకెకూ 32 బిట్లేనని కోడ్‌లో స్పష్టంగా రాశాను. 1970 నుంచి గడిచిన సెకన్లుగా దాచే తేదీని రుణ విలువలు లేని రకంగా మార్చడంతో 2038 జనవరి 19న తీరాల్సిన దాని ఆయుష్షు 2106 దాకా పెరిగింది.

అన్నిటికంటే ఎక్కువగా తిప్పలు పెట్టింది ఒక ఆగని లూప్. ఫైలు నుంచి చదివిన అక్షరాన్ని ఒక బైటు రకమైన చార్‌లో పెట్టుకుని, ఫైలు ముగింపును సూచించే -1తో పోలుస్తున్నారు. ఇంటెల్ తరహా ఎక్స్86 ప్రాసెసర్ల లినక్స్‌లో చార్‌కు రుణ విలువలు ఉంటాయి, ఆర్మ్ లినక్స్‌లో ఉండవు. అందుచేత -1 కాస్తా 255గా మారి, ముగింపు ఎన్నటికీ రాలేదు. చార్‌ను ఇంట్ చేయడానికి అరనిమిషం, అక్కడ చేయాలని కనిపెట్టడానికి రెండు రోజులు పట్టాయి.

మెమరీ పొరపాట్లను పట్టే వాల్‌గ్రైండ్ కింద నడిపితే, ఒకదాని మీద ఒకటి పడే రెండు మెమరీ భాగాల మధ్య, అలాంటి చోట వాడకూడని నకలు ఫంక్షన్ మెమ్‌కాపీని వాడుతున్నట్టు కూడా తేలింది. నా యంత్రంలో అది సరిగ్గానే పనిచేస్తోంది. అయినా 2010లో ఫెడోరా 14 అనే లినక్స్‌లో లైబ్రరీ వైపు మెమ్‌కాపీ తీరు మారినప్పుడు, ఇదే పొరపాటు వల్ల 64 బిట్ల ఫ్లాష్ ప్లేయర్ శబ్దం చెడిపోయిన సంగతి గుర్తుండి, దాన్ని అలాంటి చోట కూడా సరిగ్గా పనిచేసే మెమ్‌మూవ్‌గా మార్చేశాను.

హెచ్చరికలను దాచే ఆప్షన్ ఉన్నచోట, వాటన్నిటినీ తప్పులుగా పరిగణించమనే ఆప్షన్ ఇప్పుడు చేరింది. ఈ రాత్రికి ఇంకా 37 మిగిలాయి.