సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు: మా పాత మారుతితో మూడు వారాలు

మా నాయిన దగ్గర 1997 మోడల్ మారుతి 800 ఉంది. ఏపీ 24 నంబరు, అంటే ఉమ్మడి నల్గొండ జిల్లా బండి. మూడు సిలిండర్లు, 796 సీసీ, కార్బురేటర్ ఇంజిన్. 2014 జనవరిలో కంపెనీ ఈ కారు తయారీ ఆపేసినా స్పేర్ పార్టులు ఇప్పటికీ దొరుకుతూనే ఉన్నాయి. బత్తాయి తోటకు వెళ్లినా, పెళ్లికి వెళ్లినా నాయిన ఆ బండి తీయాల్సిందే. నేను డ్రైవింగ్ నేర్చుకున్నదీ దాని మీదే.

మొన్న అమావాస్యకు అమ్మా నాయినా నల్గొండ దగ్గరి చెర్వుగట్టు వెళ్లి, రామలింగేశ్వరస్వామి దగ్గర నిద్ర చేశారు. పొద్దున్నే బయల్దేరదామని తాళం తిప్పితే సెల్ఫ్ గిర్రున తిరిగింది కానీ ఇంజిన్ అందుకోలేదు. నాలుగైదు సార్లు కొట్టినా అంతే. పక్కనున్న నలుగురు తోస్తే, సెకండ్ గేరులో క్లచ్ వదలగానే స్టార్ట్ అయింది. నాయిన ఇంటికొచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు నేను సరిగ్గా వినలేదు. జబ్బు ఏమిటో ఆ మాటలోనే ఉంది.

మరునాడు పొద్దున మళ్లీ అదే. మా చిన్నాయిన వచ్చి చూసి, "సెల్ఫ్‌కు అందుకోక, తోస్తే అందుకుంటుందంటే బ్యాటరీ పనైపోయినట్టే, మార్పియ్యి" అన్నాడు. మామూలుగా అది తప్పు మాటేమీ కాదు. బ్యాటరీ నీరసంగా ఉంటే ఉన్న కరెంటంతా సెల్ఫ్ మోటారే తాగేస్తుంది, పెట్రోల్‌ను మండించే ప్లగ్గులకు బలమైన స్పార్క్ రాదు. తోసినప్పుడు సెల్ఫ్ పని ఉండదు కాబట్టి ఇంజిన్ అందుకుంటుంది. కొత్త బ్యాటరీ తెచ్చాం, పాతది ఎక్స్చేంజ్‌లో ఇచ్చేశాం, నాలుగు వేలు దాటింది. బండి ఆ సాయంత్రం స్టార్ట్ అయింది. రెండు రోజుల తర్వాత మళ్లీ మొండికేసింది.

ఈసారి టౌన్‌లో ఒక షెడ్డు నుంచి మెకానిక్‌ను పిలిపించాం. బానెట్ ఎత్తకముందే ఆయన "పెట్రోల్ సమస్య అన్నా" అన్నాడు. ఇప్పుడొచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీల్చుకుంటుంది, పాత బండి నిలబడి ఉంటే పెట్రోల్‌ను గాలితో కలిపే కార్బురేటర్‌లో పాచి కడుతుంది అని చెప్పాడు. ఆ మాటలోనూ నిజముంది. కార్బురేటర్ దింపి, అందులో పెట్రోల్ వచ్చే సన్నటి జెట్లు ఊదాడు, ఫిల్టర్ మార్చాడు, ప్లగ్గులు కొత్తవి వేశాడు. చివరికి తోసి స్టార్ట్ చేసి, పద్దెనిమిది వందలు తీసుకుని వెళ్లిపోయాడు. తెల్లారి నాయిన తాళం తిప్పితే మళ్లీ సెల్ఫ్ ఒక్కటే తిరిగింది. ఆ రోజు నాయిన మొహం చూసి నాకు చాలా బాధనిపించింది. "ఇగ అమ్మేద్దాం తీ" అన్నాడు మెల్లగా.

నేను మెకానిక్‌ను కాదు, జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కానీ ఇద్దరు చెప్పిన రెండు కారణాలూ వినడానికి సబబుగానే ఉన్నాయి, ఒక్కదాన్నీ ఎవరూ కొలిచి చూడలేదు. ఆదివారం ఒక మల్టీమీటర్, ప్లగ్ పానా, పాత ఇండికేటర్ బల్బుకు రెండు వైర్లు కట్టి చేసుకున్న టెస్ట్ ల్యాంపు పెట్టుకుని కూర్చున్నాను. ఇంటర్ చదివే మా అబ్బాయిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టాను. గేర్ న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ పైకి. నేను చెప్పినప్పుడే తిప్పాలి, ఐదు సెకన్లు దాటకూడదు, తిప్పాక కాసేపు ఆగాలి. ఆపకుండా కొడుతూ పోతే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

ముందు బ్యాటరీ. ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు, సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు 10.4. సెల్ఫ్ కొట్టేటప్పుడు తొమ్మిదిన్నర కంటే కిందికి పడితే బ్యాటరీని అనుమానించాలి. ఇక్కడ అది లేదు. ఈ కొలత పాత బ్యాటరీ మీద చేసి ఉంటే మాకు నాలుగు వేలు మిగిలేవి. మల్టీమీటర్ ధర మూడు వందలు కూడా లేదు.

తర్వాత, స్పార్క్‌ను ఒక్కో ప్లగ్గుకు పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, అబ్బాయిని తిప్పమని లోపల తిరిగే ముక్క, అంటే రోటర్ చూశాను. తిరుగుతోంది. మా బండిలో డిస్ట్రిబ్యూటర్ ఇంజిన్ వాల్వులను తెరిచే క్యామ్ షాఫ్ట్ మీద నడుస్తుంది, క్యామ్ షాఫ్ట్‌ను టైమింగ్ బెల్ట్ తిప్పుతుంది. అంటే బెల్ట్ తెగలేదు. తెగి ఉంటే సెల్ఫ్ శబ్దమే మారిపోతుంది, ఏ అడ్డూ లేనట్టు జుయ్యిమని తిరుగుతుంది. మూత లోపల పగుళ్లు లేవు, తడి లేదు.

ప్లగ్గులు విప్పితే మూడూ తడిగా ఉన్నాయి, ముక్కు దగ్గర పెడితే పెట్రోల్ వాసన గుప్పుమంది. పెట్రోల్ సిలిండర్ దాకా వస్తోంది, అక్కడ మండడం లేదు. కార్బురేటర్ మీద పెట్టిన పద్దెనిమిది వందలకు ఇక అర్థం లేదని అప్పుడే తేలిపోయింది.

ఇక స్పార్క్. ఒక ప్లగ్గు తుడిచి, దాని వైరు తగిలించి, పిడికి రబ్బరు ఉన్న కటింగ్ ప్లేయర్‌తో పట్టుకుని ప్లగ్గు ఒంటిని ఇంజిన్ ఇనుముకు ఆనించాను. దీనికి ముందు విప్పిన మిగతా ప్లగ్గులను తిరిగి బిగించాను, ఈ ప్లగ్గు రంధ్రంలో పొడి గుడ్డ కుక్కాను. ఆ రంధ్రంలోంచి పెట్రోల్ ఆవిరి ఎగజిమ్ముతుంది, పక్కనే నిప్పురవ్వ ఎగిరితే ఒంటికి అంటుకుంటుంది. ఇది చేసేవాళ్లు దయచేసి ఈ జాగ్రత్త మరవకండి. అబ్బాయి తాళం తిప్పాడు. ప్లగ్గు కొన దగ్గర ఏమీ లేదు, చీకటి. నీడ కోసం బానెట్ మీద దుప్పటి కప్పి మళ్లీ చూశాను. లేదు.

స్పార్క్‌కు కావాల్సిన ఎక్కువ వోల్టేజీని తయారుచేసే కాయిల్ పోయిందనుకున్నాను. పొద్దు తిరిగేలోపు టౌన్‌లో గడియారం సెంటర్ వైపు వెళ్లి కొత్త కాయిల్ తెద్దామని చొక్కా కూడా మార్చుకున్నాను. వెళ్లే ముందు ఇంకొక్కసారి చూద్దామని తిప్పమన్నాను. ఐదు సెకన్లు అయ్యాయి, అబ్బాయి తాళం వదిలేశాడు. సరిగ్గా వదిలిన ఆ క్షణంలో నా చేతిలోని ప్లగ్గు కొన మీద చిటుక్కుమని నీలి మెరుపు వచ్చింది. ఒక్కటే. ఇంజిన్ కూడా ఒకసారి భక్‌మని ఆగిపోయింది.

మళ్లీ తిప్పించాను. తిరుగుతున్నంతసేపూ చీకటి, వదలగానే ఒక్క మెరుపు. అప్పుడు లోపలినుంచి అబ్బాయి, "నాన్నా, తిప్పినప్పుడల్లా మీటర్‌లో ఎర్ర లైట్లు ఆరిపోతున్నాయి, వదిలితే వస్తున్నాయి" అన్నాడు. నేను వెళ్లి సీట్లో కూర్చుని చూశాను. తాళం ఆన్ దగ్గర ఉంటే ఆయిల్ దీపం, బ్యాటరీ దీపం రెండూ ఎర్రగా వెలుగుతున్నాయి. స్టార్ట్ వైపు తిప్పితే పూర్తిగా ఆరిపోతున్నాయి. బ్యాటరీ బలం తగ్గితే దీపాలు మసకబారతాయి, ఇలా అస్సలు లేకుండా పోవు.

స్టార్ట్ దగ్గర రేడియో ఆగిపోవడం మామూలే, సెల్ఫ్‌కు కరెంటు మిగల్చడానికి అలా పెడతారు. కాయిల్‌కు వెళ్లే కరెంటు మాత్రం ఆన్‌లోనూ, స్టార్ట్‌లోనూ రెండిట్లో ఆగకుండా ఉండాలి. టెస్ట్ ల్యాంపు ఒక వైరు కాయిల్ ప్లస్‌కు, ఇంకో వైరు బాడీకి పెట్టాను. ఆన్‌లో బల్బు వెలిగింది. సెల్ఫ్ తిరిగినంతసేపూ ఆరిపోయింది. తాళం వదలగానే మళ్లీ వెలిగింది. నాయిన నా భుజం మీదుగా వంగి చూస్తున్నాడు. "అంటే తాళమా?" అన్నాడు.

తాళమే. తాళం వెనక ఉండే ఇగ్నిషన్ స్విచ్. తోస్తే ఎందుకు స్టార్ట్ అయ్యేదో అప్పుడు తెలిసింది. తోసేటప్పుడు తాళం ఆన్‌లోనే ఉంటుంది, స్టార్ట్ వైపు తిప్పే పనే లేదు. ఒక్కోరోజు తాళంతోనే ఎందుకు అందుకునేదో కూడా అర్థమైంది. అరిగిన కాంటాక్టు ఒకసారి తగులుతుంది, ఒకసారి తగలదు. కొత్త బ్యాటరీ వేసిన సాయంత్రం అది తగిలింది, అంతే.

అయినా నాకు పూర్తి రుజువు కావాలనిపించింది. ప్లగ్గులన్నీ ఆరబెట్టి బిగించి, మధ్యలో ఫ్యూజు పెట్టిన ఒక వైరుతో బ్యాటరీ ప్లస్ నుంచి కాయిల్ ప్లస్‌కు నేరుగా కలిపాను. అబ్బాయి తాళం తిప్పాడు. సెల్ఫ్ రెండు చుట్లు తిరిగిందో లేదో ఇంజిన్ అందుకుంది. నాయిన ఏమీ అనలేదు, వెళ్లి అమ్మను పిలుచుకొచ్చాడు. ఈ వైరుతో ఒక సంగతి ఉంది. తాళం ఆఫ్ చేసినా ఇంజిన్ ఆగదు, వైరు పీకాల్సిందే. దాన్ని అలాగే వదిలేస్తే ఇంజిన్ ఆగి ఉన్నా కాయిల్ వేడెక్కి కాలిపోతుంది. ఇది పరీక్ష కోసం మాత్రమే, ఊరికి వెళ్లడానికి కాదు.

మర్నాడు కొత్త స్విచ్ దొరికింది. స్టీరింగ్ లాక్ అలాగే ఉంచి, వెనకున్న కరెంటు భాగం ఒక్కటే మార్చడానికి కుదిరింది. బ్యాటరీ మైనస్ ఊడదీసి, స్టీరింగ్ కింద కవర్ విప్పి, గంటలో పని ముగించాను. అయిన ఖర్చు బ్యాటరీ ధరలో పదో వంతు కూడా లేదు.

పాత స్విచ్‌ను స్క్రూడ్రైవర్‌తో విప్పి నాయినకు చూపించాను. లోపల చిన్న రాగి రేకులు. రెండు మెరుస్తున్నాయి. ఒకటి మాత్రం నల్లగా మాడి, గింజంత గుంట పడి, చివర సన్నగా అరిగిపోయి ఉంది. పక్కన ప్లాస్టిక్ కూడా కొంచెం కరిగింది. తాళం స్టార్ట్ వైపు తిరిగినప్పుడు ఆ గుంట దగ్గరే రేకు జారి గాలిలో ఆగిపోతోంది. నాయిన దాన్ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకు తిప్పి తిప్పి చూశాడు.

ఇరవై ఏళ్లకు పైగా రోజూ తిప్పే తాళం, అరగడం సహజం. ఇంకో కారణం కూడా ఉండొచ్చు. నాయిన కారు తాళం వేసిన గుత్తికి తోట మోటార్ రూమ్ తాళం, గేటు తాళం, బీరువా తాళం, ఇంకా ఏవో ఇత్తడి తాళం చెవులు వేలాడుతుంటాయి. గతుకుల్లో అదంతా ఊగుతూ తాళం కన్నాన్ని గుంజుతూ ఉంటుంది. లాక్ లోపలి భాగం అలా వదులైపోతుంది. ఈ మాట చెప్పాను.

నాయిన కొత్త స్విచ్‌తో బండి స్టార్ట్ చేశాడు. ఆఫ్ చేసి మళ్లీ చేశాడు. మూడోసారి కూడా చేసి, దిగి, గుత్తిలోంచి కారు తాళం ఒక్కటే తీసి అమ్మ దగ్గర అడిగి తెచ్చుకున్న నల్లదారం కట్టుకున్నాడు. మిగతా గుత్తిని గోడ మేకుకు తగిలించాడు.